రెండోది ఏది?

మా మేనేజరు శేషాచలం గారు దాన్ని చిన్న విషయం అన్నారు. ఆ చిన్న విషయం ఎర్రగా, అరచెయ్యంత పొడవున ఉంటుంది. ప్లాస్టిక్ పట్టీకి వరసగా గుచ్చిన పది తూటాలు. కాంక్రీటులోకి మేకులు దించే గన్‌లో వాడతాం. వాటికి సీసపు మొన ఉండదు, మందు మాత్రం అసలైనదే. నేను కెమిస్ట్రీ చదువుకున్నాను. ఆ మందుకి తాను మేకును తోస్తోందో, ఇత్తడి ముక్కను ఒక పసిదాని కంట్లోకి తోస్తోందో తెలియదు. రాయితో గట్టిగా ఒక్క దెబ్బ పడితే చాలు. నాకు నాలుగేళ్ళ కూతురుంది. ఎర్రగా ఏది కనిపించినా ముందు నోట్లో పెట్టుకుంటుంది, తర్వాత నేలకేసి కొడుతుంది. చిన్న విషయమట!

ఖతర్‌లోని మదీనత్ అల్ షమాల్‌లో మేం కడుతున్నది ఒక బడికి కొత్త భవనం. పాత భవనంలో తరగతులు జరుగుతూనే ఉన్నాయి. పట్టీ దొరికింది పిల్లలు ఆడుకునే చోటికి ఆనుకున్న కంచె పక్కన, మా చెత్తకుప్పలో. చూసినవాడు గజేందర్.

గజేందర్‌ది జగిత్యాల వైపు పల్లె. పదకొండేళ్ళుగా ఖతర్‌లో ఈ మేకుల గన్ పని చేస్తున్నాడు. మొదటిసారి ఇంటికి ఫోన్ చేసి తనది గన్ డ్యూటీ అని చెప్పినప్పుడు, వాళ్ళమ్మ ఎల్లవ్వ కొడుకు దుబాయ్‌లో (ఆమెకి గల్ఫంతా దుబాయే) పోలీసయ్యాడనుకుని రెండు రోజులు అన్నం ముట్టలేదట. గజేందర్ నవ్వుతూ చెప్పిన మాట ఇది. ఆమె భయానికి కారణం చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు.

ఆయన తండ్రి రాజన్నకు ఒక నాటు తుపాకీ ఉండేది. మక్కచేలో అడవి పందుల్ని బెదరగొట్టడానికి. ఊళ్ళో ఎవరి దగ్గర తుపాకీ ఉన్నా స్టేషన్లో అప్పగించాలని పోలీసులు చాటింపు వేయించారు. రాజన్న దాన్ని గోనెసంచిలో చుట్టుకుని నడిచి వెళ్ళి ఒక కానిస్టేబుల్ చేతిలో పెట్టి వచ్చాడు. ఆ కానిస్టేబుల్ కాగితం ఇవ్వలేదు. ఈయన అడగలేదు. మరుసటి ఏడాది కొత్త ఎస్సై జాబితా పట్టుకుని వచ్చాడు. అందులో తుపాకీ ఇంకా రాజన్న పేరు మీదే ఉంది. ఇచ్చేశానని చెబితే, అది సరే, రెండోది ఏది అని అడిగాడు. స్టేషన్లో మూడు రోజులు అదే ప్రశ్న. ఇంటికి వచ్చాక రాజన్న ఎడమ మోకాలు మళ్ళీ వంగలేదు.

"ఉన్నదే ఒక్కటి సార్," అన్నాడు గజేందర్. "ఉన్నదాన్నయితే మనిషి సూపెడ్తడు. లేనిదాన్ని ఎట్ల సూపెడ్తడు?"

తుపాకీ ఉంచుకునే వీల్లేదనడం వేరు. చట్టాన్ని నమ్మి అప్పగించినవాడి మోకాలు విరగ్గొట్టడం వేరు. ఆ ఎస్సై పెన్షన్ తీసుకుంటూ ఎక్కడో మనవళ్ళతో ఆడుకుంటూ ఉంటాడు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పటి నుంచి గజేందర్ కాగితం లేకుండా ఎవరికీ ఏదీ అప్పగించడు. రోజూ సాయంత్రం గన్, మిగిలిన పట్టీలు నాకు ఇచ్చి, జేబులోంచి ఒక నోటుబుక్ తీసి సంతకం పెట్టించుకునేవాడు. సైట్‌లో సేఫ్టీ ఆఫీసర్ని నేనే; వాటిని స్టోరులో పెట్టెలో పెట్టి తాళం వేయాల్సిందీ నేనే. మా పికప్ డ్రైవరు, నిజామాబాద్ ఇక్రాముద్దీన్, గజేందర్‌కి రసీదు సేఠ్ అని పేరు పెట్టాడు.

"ఏం రసీదు సేఠ్, చాయ్ తాగినందుకు గూడ సంతకం కావాల్నా?"

"నువ్వు తాగిపిస్తే పెట్టిచ్చుకుంట. రేపు తాగిపియ్యలేదంటవు."

పట్టీ దొరికిన రోజు ఆయన తన అన్నం డబ్బా ఖాళీ చేసి, అందులో దాన్ని పెట్టి, మూత బిగించి నా దగ్గరికి తెచ్చాడు. మాకు ఇచ్చిన పర్మిట్‌లో స్పష్టంగా ఉంది: ఒక్క తూటా గల్లంతైనా పోలీసులకి చెప్పాలి. ఆయన్ని వెంటబెట్టుకుని శేషాచలం గారి గదికి వెళ్ళాను.

"ఏమయ్యా జోయెల్, దొరికింది కదా, పెట్టెలో పడేయ్. ఇంత చిన్న విషయానికి స్టేషన్ ఎక్కుతారా ఎవరైనా?" అన్నారాయన.

గజేందర్ డబ్బా వదల్లేదు. "కాయితం లేకుంట ఇయ్య సార్," అన్నాడు. "పెట్టెల ఏస్తే, రేపు మల్లొకటి పోయినప్పుడు నన్నే అడుగుతరు."

నేను వెనక్కి తగ్గుదామనుకున్నాను, దాచడం ఎందుకు. నా భార్య తెరెసా వీసా, పాప వీసా రెండూ నా ఉద్యోగం మీదే ఉన్నాయి. కానీ కిటికీలోంచి బడి కంచె కనిపిస్తోంది. ఇక్రాముద్దీన్‌ని బండి తీయమన్నాను.

స్టేషన్లో అధికారి డబ్బా తీసుకుని, గజేందర్ చెప్పింది రాసుకుని, మర్నాడు మేనేజరుతో రమ్మన్నాడు. మర్నాడు శేషాచలం గారు కంపెనీ కాగితం మీద ఒక లేఖ తెచ్చారు. గజేందర్ ఫలానా తేదీ సాయంత్రం స్టోరులోంచి పట్టీని చాటుగా తీసుకున్నాడని, పట్టుబడతానని భయపడి దొరికినట్టు నటించాడని అందులో ఉంది. పిల్లలకి ప్రమాదం తప్పించిన మనిషిని దొంగని చేస్తున్నారు!

అధికారి లేఖ చదివి అరబ్బీలో ఏదో అడిగాడు. ఇక్రాముద్దీన్ మెల్లగా తెలుగులో చెప్పాడు. "ఇంకా ఉన్నయా అని అడుగుతున్నడు భాయ్."

ముప్పయ్యేళ్ళ కిందటి ప్రశ్న, వేరే దేశంలో, వేరే భాషలో. గజేందర్ నోటుబుక్ తీసి బల్ల మీద పెట్టాడు.

అధికారి తెలుగు చదవలేడు. తేదీలు, అంకెలు, సంతకాలు చదవగలడు. లేఖలో ఉన్న తేదీ చూసుకుని ఆ పేజీ తీశాడు. ఆ సాయంత్రం గజేందర్ తీసుకున్నవన్నీ తిరిగి ఇచ్చేశాడని ఉంది. కింద సంతకం మీద వేలు పెట్టి, ఇది ఎవరిదని అడిగాడు.

శేషాచలం గారు నా వైపు చూశారు. నేను నోరు విప్పకపోతే అది ఒక గీత మాత్రమే.

"నాది," అన్నాను.

మిగతాది కూడా చెప్పాను. ఆ సాయంత్రం పాపకి జ్వరం. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని సంతకం చేశాను. తాళం విరిగిన పెట్టెను స్టోరులో వదిలేసి ఇంటికి పరిగెత్తాను. మర్నాడు రంగు డబ్బాలు జరిపేటప్పుడు అది బోర్లాపడిందట. ఊడ్చిన చెత్తలో పట్టీ కంచె దాకా పోయి ఉండాలి. కొత్త తాళం కావాలని శేషాచలం గారికి నేను పంపిన మూడు మెయిళ్ళు కూడా ఫోన్‌లో చూపించాను.

అధికారి గొంతు పెంచలేదు. శేషాచలం గారితో ఆయన అన్నదాన్ని ఇక్రాముద్దీన్ మాట పోకుండా చెప్పాడు: "నా ఇంట్లో వేట తుపాకీ ఉంది, లైసెన్సు ఉంది. దాని తాళంచెవి ఎక్కడుందో నా కొడుక్కి గూడ తెల్వదు. ఆ లైసెన్సు నాకు తుపాకీ ఇయ్యలే, కాపలా పని ఇచ్చింది. మీకిచ్చిన పర్మిట్ గూడ గంతే. మరి కాపలా కాసింది ఎవరు, ఈ కూలాయనా?"

తర్వాత పట్టీ ముట్టిందని అరబ్బీలో రాసి, ముద్ర వేసి, గజేందర్ అడగకముందే ఆయన చేతికిచ్చాడు. తాళం బిగించి చూపించేదాకా సైట్‌లో గన్ పని ఆపించాడు.

కథ అక్కడ ఆగి ఉంటే నేనిది రాసేవాణ్ణి కాదు. వారం తిరక్కుండా కంపెనీ నాకు ఒక హెచ్చరిక లేఖ ఇచ్చింది. నాది నిజంగా తప్పు. ఆ లేఖ సొరుగులో పడి ఉంది. ఏ తప్పూ చేయని గజేందర్‌ని మాత్రం గన్ పని నుంచి తీసేసి, అల్ రువైస్ సైట్‌లో చెక్కలు మోసే హెల్పర్‌గా వేశారు. స్టేషన్ దాకా పేరు వెళ్ళినవాడికి గన్ ఇస్తే బాగుండదని శేషాచలం గారి వివరణ. ఆ పేరును స్టేషన్‌కి మోసుకెళ్ళిన లేఖ మీద ఎవరి సంతకం ఉందని అడిగాను. పని చూసుకోమన్నారు.

వెళ్ళే రోజు పొద్దున గజేందర్ గన్ తుడిచి, పెట్టెలో సర్ది, నా బల్ల మీద పెట్టాడు. పక్కన నోటుబుక్ తెరిచాడు. నేను "అన్నా" అని ఏదో మొదలుపెట్టబోతే, రాయమన్నట్టు పెన్ను ముందుకి జరిపాడు. మేకుల గన్ ఒకటి, మంచి స్థితిలో ముట్టింది అని రాశాను.

ఆయన చదువుకుని తల ఊపాడు. వెళ్ళలేదు.

"ఇంకొక్క మాట రాయుండ్రి సార్. రెండోది లేదు అని."

రాశాను. ఫోన్ మోగుతుంటే ఆపి పక్కన పెట్టి, రెండుసార్లు చదివి, పూర్తి పేరుతో సంతకం చేశాను.