మా వదిన చేతిలో ఫోను

మా వదిన లక్ష్మీకాంతమ్మకు కోపం వస్తే ఇంట్లో ఎవరికీ తెలియదు. గొంతు పెంచదు, గిన్నెలు విసరదు. కోపాన్ని సన్న సెగ మీద పెట్టుకుని తన పని తాను చేసుకుపోతుంది. అరిచే మనిషికంటే అలాంటి మనిషికే భయపడాలని మా అన్నకు తెలిసి ఉంటే బాగుండేది.

బడిలో టీచరుగా రిటైరయ్యాక ఆమె తమక అనే ఊళ్లోని తమ ఇంట్లో సాయంత్రాలు పిల్లలకు పాట నేర్పేది. అందరూ దగ్గర్లోని నరసాపురం ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ల పిల్లలే. తల్లులు కంపెనీ బస్సు దిగి వచ్చేదాకా హాల్లో చాప మీద కూర్చుని కన్నడ భక్తిపాటలు, దేవరనామాలు పాడేవాళ్లు. వదినకు పిల్లల్లేరు. ఆ కాసేపటి కోసమే ఆమె పొద్దంతా గడిపేది.

మా అన్న లక్ష్మీనరసింహ గుమాస్తాగా రిటైరవుతూనే పెద్ద స్పీకర్లు, ఆంప్లిఫయరు కొన్నాడు. పాటలు వినే యాప్‌లు రెండు పెట్టుకున్నాడు, ఒకటి చవకది, ఒకటి ఖరీదైంది. ఒకే పాటను రెండింట్లోనూ వేసి, ఏది బాగా పలుకుతుందో తేల్చడం ఆయనకు పిచ్చయిపోయింది. ఆ పిచ్చికి హాలు కావలసి వచ్చింది.

ఒక సాయంత్రం తల్లులు పిల్లలను తీసుకుపోవడానికి వచ్చి ఉండగానే అన్నాడు.

"ఇంగ రేపట్నించి రావద్దండమ్మా. మీ మేడమ్‌కు శృతి నిలవదు. మంచి సౌండు విని విని నా చెవికి తెలస్తా ఉండాది."

పవిత్ర అనే తల్లి తల దించుకుని కూతురి చెయ్యి పట్టుకుంది. వదిన చాప చుట్టి మూలన పెట్టింది. నేనక్కడే ఉన్నాను. ఒళ్లు మండి, సొంత అన్న అని కూడా చూడకుండా నాలుగు దులిపేశాను. ఆమె మాత్రం "ఊరుకోమ్మా" అంది, అంతే.

తర్వాత ఆదివారం సభలు మొదలయ్యాయి. అన్న స్నేహితులు వచ్చేవాళ్లు. శ్రీరామప్ప అయితే కేజీఎఫ్ నుంచి బస్సెక్కి వచ్చేవాడు. అన్న సోఫాలో కళ్లు మూసుకుని కూర్చుంటాడు. ఎవరో ఒకరు ఫోన్లో యాప్ మార్చాలి, వినేది ఏ యాపో ఆయన చెప్పాలి. స్నేహితులైతే మోసం చేస్తారని ఆ పనికి పెళ్లాన్ని పెట్టుకున్నాడు. ఆ చేతికీ ఒక మనసుంటుందని మహానుభావుడికి తోచలేదు. ఆయన చెప్పడం, ఈమె సరేనని తలూపడం, వాళ్లు శభాష్ అనడం. వారం వారం ఇదే తంతు.

ఒక ఆదివారం మొదటి పాట వినగానే అన్న ముఖం చిట్లించాడు.

"ఇది చవకది. డబ్బాలో రాళ్లేసి ఊపినట్టుండాది."

వదిన ఫోను మీద వేలు ఆడించింది. అదే పాట మళ్లీ మొదలైంది.

"ఆఁ, ఇదీ! తంబూరా ఎంత తేటగా ఉండాదో! పాడే ఆమె ఊపిరి తీసుకునేది కూడా వినిపిస్తాది. చెవులుండల్ల శ్రీరామప్పా, దీనికి!"

"అవునప్పా, తేడా ఉండాది" అన్నాడు శ్రీరామప్ప.

వదిన లేచి ఫోను శ్రీరామప్ప చేతిలో పెట్టింది. "ఆ ఖరీదైన యాప్ యాడుందో చూడప్పా."

ఆయన వెతికాడు. దొరకలేదు.

"పొద్దున్నే తీసేసినాను" అంది వదిన. "రెండుసార్లూ వేసింది చవకదే."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ పగలబడి నవ్వారు. అన్న కళ్లు తెరిచాడు. ముఖం మాడిపోయింది.

"మరి పోయిన వారాలు? అప్పుడు నిజంగానే మార్చినావు కదా?"

"మీకు మంచి చెవులుండాయి కదండీ. వాటినే అడగండి."

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఆ సాయంత్రమే వదిన పవిత్రకు ఫోన్ చేసి బిడ్డను పంపమంది. స్పీకర్లు పడకగదిలోకి మారాయి, హాల్లో చాప పడింది.

అప్పటినుంచి ఆయనకు ఏ పాటా పూర్తిగా వినే యోగం లేదు. పెడతాడు, సగంలో ఆపి వంటింటి గుమ్మంలోకి వస్తాడు. "ఒక్క మాట చెప్పవే, మార్చినావా లేదా?" అంటాడు. వదిన తల ఎత్తదు. మనిషి చిక్కిపోయాడు కూడా.

మొన్న ఇద్దరం అవరెకాయలు వలుస్తుంటే నేనే అడిగాను. "నాకైనా చెప్పు వదినా."

"ప్రతిసారీ మార్చినాను. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు ఆయన. అంత మంచి చెవి నేను యాడా చూళ్లేదు."

నా చేతులు ఆగిపోయాయి. "మరి ఆ పొద్దు?"

"ఆ పొద్దు రెండోసారి చెవులతో వినలేదు. నన్ను నమ్మి విన్నాడు."

"ఆ ముక్క ఆయనతో అనెయ్ వదినా. నలిగిపోతా ఉండాడు."

"నలగనీ."

పక్కగదిలో పాట మొదలై, సగంలో ఆగింది. నేను ఆయన తోడబుట్టిన దాన్ని. లేచి వెళ్లి చెప్పొచ్చు. చెప్పలేదు.