జేబులో గోలీలు

కోలారులో సైకిల్ షాపాయన కిరసనాయిలు గిన్నెలో బేరింగు గోలీలు కడుగుతా ఉండాడు. ఆ వాసనకి తాత యంత్రం గుర్తొచ్చింది.

బంగారు గనుల పక్కన చాంపియన్ రీఫ్స్‌లో, గని కూలీల వరసల్లోని మా లైనింటి దూలానికి తాత ఒక ఇత్తడి పళ్లెం వేలాడదీసి, అంచు చుట్టూ అట్లాంటి గోలీలు కిరసనాయిలుతో తుడిచి పేర్చినాడు. గనిలో బండ పగిలి నేల అదిరితే కొన్ని రాలిపడేవి. ఏ పక్కవి పడినాయో చూసి, గచ్చు మీద సుద్దముక్కతో లెక్కలేసి, గనిలోకి దిగే ఏ షాఫ్టు కింద పగిలిందో చెప్పేవాడు. గని ఆఫీసులో ఎవరూ నమ్మలేదు.

గోలీలు రాలబట్టే నేల అదురుతుందని నేననుకునేదాన్ని. ఒకరోజు మా నాయన గనిలో షిఫ్టుకి పోయినాక అడిగినాను.

"తాతా, నాయన లోపల ఉండాడు కదా. గోలీలు తీసెయ్."

"సరేమ్మా" అని అన్నీ తీసి జేబులో వేసుకున్నాడు.

ఆ మధ్యాన్నమే నేల అదిరింది. అలమరలో గిన్నెలు గలగలమన్నాయి. తాత సుద్దముక్క ముట్టలేదు. జేబులో చెయ్యి పెట్టుకుని, నాయన వచ్చి కాళ్లు కడుక్కునేదాకా గోడకేసి చూస్తా కూర్చున్నాడు.

నా మాట వినే తీసినాడని చానా ఏండ్లు అనుకున్నాను. నాయన దిగిన షాఫ్టే లెక్కలో తేలుతుందేమోనని తీసినాడని ఇప్పుడు తెలుస్తా ఉంది. ఆ లెక్క తప్పదని నమ్మింది లోకంలో ఆయనొక్కడే.