ట్యాంకుల ఆటలో నాదస్వరం

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో మా అయిదుగురికీ ఒక పిచ్చి పట్టుకుంది. కంప్యూటర్ ఆటల్లో వెనక వినిపించే సంగీతానికి మార్కులు వేయడం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. తిరుపతిలో సందుకొక ఆటల సెంటరు వెలిసింది. అందరూ ఆడటానికి పోయేవాళ్ళు. మేం వినడానికి పోయేవాళ్ళం. తెర మీద కారు గోడకు గుద్దుకుని పొగలు కక్కుతున్నా పట్టించుకోకుండా స్పీకరుకు చెవులు ఆనించి కూర్చుంటే, సెంటరాయన మమ్మల్ని చూసి తల పట్టుకునేవాడు. నచ్చిన పాటను వైరు కలిపి క్యాసెట్‌లోకి ఎక్కించుకుని, మధ్యాహ్నం కాలేజీ క్యాంటీన్ వెనక మెట్ల మీద, ఒకే వాక్‌మన్‌ను చేతులు మార్చుకుంటూ వినేవాళ్ళం.

మార్కుల పుస్తకం రేణిగుంట నుంచి వచ్చే అబ్బాయి దగ్గర ఉండేది. ఆట పేరు, ఏ చోట వచ్చే పాట, పదికి ఎన్ని మార్కులు, చివర్న అభిప్రాయం. గీతలు కొట్టి, అయ్యవారి మాదిరి ఎర్ర పెన్నుతో రాసేవాడు. నలుగురం నాలుగు మాటలు అన్నా అంకె వేసేది మాత్రం అతనే. ఆ పుస్తకంలో పది ఎవరికీ పడలేదు. "పదికి పది కొండమీది సామికేబ్బా. మిగతావోళ్ళకు తొమ్మిదే ఎక్కువ" అనేవాడు. అయిదుగురిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. అయినా అంకె వేసే ముందు ఒకసారి నా మొహం చూసేవాడు. నాకు సంగీతం రాదు గానీ చెవి మంచిదని పేరు. ఆ పేరంటే నాకు ప్రాణం. లెక్కల్లో, డ్రాయింగులో బొటాబొటిగా గట్టెక్కేదాన్ని. నాకంటూ ఉన్న గొప్ప అదొక్కటే.

ఒకరోజు, ఇంతవరకు విన్నవాటిలో అన్నిటికంటే మంచిది ఎవరిది వాళ్ళు చెప్పాలన్నారు. నేను ఆలోచించను కూడా లేదు. ట్యాంకుల ఆట అన్నాను.

ఇంటర్ అయిపోయి, సీటు కోసం ఎదురుచూసిన నెలల్లో, పుత్తూరులో మా చిన్నాయన కంప్యూటర్ సెంటర్లో ఆడిన ఆట అది. పెండ్లి పత్రికలు, కరపత్రాలు కొట్టే సెంటరు. ఆయన ముందు గదిలో పనిలో ఉంటే నేను లోపలి గదిలో, ఇసుక దిబ్బల మీద ట్యాంకులు తోలేదాన్ని. ఎవరో స్నేహితుడు సీడీ లేకుండా ఆట ఒక్కటే కంప్యూటర్లోకి ఎక్కించి ఇచ్చాడట. మొదలుపెట్టగానే నాదస్వరం వచ్చేది. ఎవరినో బతిమాలుతున్నట్టు నెమ్మదిగా మొదలై, డోలు అందుకున్నాక పైకి పోయేది. పోయి, అక్కడే చాలాసేపు నిలబడేది. అక్కడ ట్యాంకును ఆపేసి వినేదాన్ని. శత్రువు ట్యాంకును పేల్చి నేనెందుకు ఏడుపు మొహం పెడుతున్నానో నాకే తెలిసేది కాదు. గెలిచినవాడికీ దుఃఖం ఉంటుందని చెప్పడానికే ఆట చేసినవాళ్ళు ఈ పాట పెట్టారని మనసులో పెద్ద వ్యాఖ్యానమే రాసుకున్నాను.

ఆ వ్యాఖ్యానమంతా మెట్ల మీద అప్పజెప్పి, "పదికి పది" అన్నాను.

అందరూ ఒకేసారి నవ్వారు.

"ట్యాంకుల ఆటలో నాదస్వరమా? పెండ్లి బోజనం చేసొచ్చి నిద్దర్లో ఆడినావా ఏంది?" అన్నాడు రేణిగుంట అబ్బాయి.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఉందంటే ఉందన్నాను. చెవుల్లో దూది పెట్టుకుని ఆడేవాళ్ళకు ఏం వినిపిస్తుందన్నాను. మర్నాడు అతను ఆ ఆట అసలు సీడీ సంపాదించి, అందర్నీ సెంటరుకు తీసుకుపోయి పెట్టాడు. అవే ఇసుక దిబ్బలు, అవే ట్యాంకులు. కానీ గిటారు, డ్రమ్ములు. కీబోర్డు లాక్కుని నేనే ఆడాను. ఒక్కో మెట్టే గెలుచుకుంటూ పోయాను. నాలుగు మెట్లు దాటినా నాదస్వరం రాలేదు.

"యాడుండాది నీ మేళం? సూపించు."

నేనేం చూపించేది? అక్కడే పుస్తకం తీసి ట్యాంకుల ఆట, నాదస్వరం అని రాసి, ఎదురుగా ఎర్రటి సున్నా చుట్టాడు. అభిప్రాయం దగ్గర 'అబద్ధం' అని రాశాడు. మా పుత్తూరులో విరిగిన ఎముకకు కట్టు కడతారు, ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. పోయిన పరువుకు కట్టు కట్టేవాళ్ళు మాత్రం మా ఊళ్ళో కూడా లేరు. ఆ రోజు నుంచి అంకె వేసే ముందు అతను నా మొహం చూడటం మానేశాడు.

నాకు కోపం కంటే అయోమయం ఎక్కువైంది. విన్నానా, వినలేదా? విననిదాన్ని ఇంత వివరంగా ఎట్లా గుర్తుపెట్టుకున్నాను? ఆ ఆటలో ఏం పాట వచ్చేదని చిన్నాయన్ను అడిగితే, "ఆటలో ఏం పాటలుంటాయో నాకేం తెలుసు మే? పత్రికలు కొట్టేకే పొద్దు సాలదు" అన్నాడు. పాత కంప్యూటర్ ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్నాడు, ఇక అది చూసే దారి కూడా లేదు. సెంటరుకు రెండు వీధుల అవతల కల్యాణ మండపం ఉంది, అక్కడి మైకు వినిపించిందేమో అనుకున్నాను. కానీ ఆషాఢంలో కూడా విన్నానే! ఆషాఢంలో ఎవరు పెండ్లి చేసుకుంటారు? పరీక్ష రాస్తుంటే ఆ స్వరం చెవిలో మోగేది. ఇది నిజంగా విన్నదా, నేను కల్పించుకున్నదా అని పెన్ను పక్కన పెట్టి కూర్చునేదాన్ని. ఆ పేపరు ఎట్లా పోయిందో చెప్పక్కర్లేదు.

మాఘంలో మా పెద్దమ్మ కూతురి పెండ్లి జరిగింది, పుత్తూరులోనే. మర్నాడు అప్పగింతలు. అక్క చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడుతున్నారు. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు మొదలైంది నాదస్వరం, ఎవరినో బతిమాలుతున్నట్టు.

అందరూ ఏడుస్తున్నారు. నా వేళ్ళు మాత్రం గాల్లో బాణం కీలు వెతుక్కుంటున్నాయి. ఇదేమిటి, నా ట్యాంకుల పాట ఈ మేళం వాళ్ళకెట్లా తెలిసింది? నాదస్వరం ఊదుతున్న ఈ ముసలాయన కూడా ఆ ఆట ఆడాడా? నిజంగా ఒక్క క్షణం అట్లాగే అనుకున్నాను. సారె సామాను బండికెక్కిస్తున్న చిన్నాయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, ఇదే, ఇదే ఆటలో వచ్చింది అన్నాను.

ఆయన చెవి ఒగ్గి విన్నాడు. తర్వాత నుదురు కొట్టుకున్నాడు. "ఓసి నీ! ఈ తాత సీడీ మే అది. పెండ్లిండ్లకు పిలిచేవోళ్ళకు ఇచ్చేకి తిరుపతిలో చేయించుకొని, దాని కవరు కొట్టించుకునేకి మన సెంటరుకొచ్చినాడు. ఒకటి లోపలి కంప్యూటర్లో ఉండిపోయింటాది. ఆట సీడీ లేకపోతే, లోపల ఏ సీడీ ఉంటే దాన్నే తన పాటనుకొని వాయించేస్తాది ఆ ఆట."

"మరి అప్పుడు చెప్పలేదే?"

"నువ్వే పెట్టుకొని ఇంటా ఉండావనుకొంటి. ఈ కాలం పిల్ల మేళం ఇంటాదే అని సంతోషపడితి గూడా."

మేళం తాత అరుగు మీద కూర్చుని, నాదస్వరానికి గుడ్డ సంచి తొడుగుతున్నాడు. పోయి ఆయన ముందు కూర్చున్నాను. కంప్యూటర్ అంటే ఏమిటో, ఆట అంటే ఏమిటో, అందులో ఆయన వాయిద్యం ఎట్లా దూరిందో చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి.

"యుద్దంలోనా? నేను వాయించినానా?" అన్నాడు. ఆయన అయోమయం నా అయోమయాన్ని మించిపోయింది.

"అవును తాతా. ఆ పైకి పోయి నిలబడతావే, అక్కడ ఆట ఆపేసి వినేదాన్ని."

ఆయన చేతులు ఆగాయి. "అది అప్పగింతలకు వాయించేది పాపా. ఆ టయానికి ఎవురింటారు? ఆడోళ్ళు ఏడస్తా ఉంటారు, మొగోళ్ళు సామాను ఎక్కిస్తా ఉంటారు. గెట్టిమేళం ఒక్కటీ తప్పితే మాది ఎవురికీ పట్టదు." సంచి మూతి ముడేసి మళ్ళీ అడిగాడు. "మార్కులేస్తారంటివే. నాకెన్ని వచ్చినాయి?"

ఎర్రటి సున్నా కళ్ళ ముందు తిరిగింది.

"పది" అన్నాను. "పదికి పది."

"అందరూ కలిసి ఇచ్చినారా?"

"అందరూ."

ఆయన మొహం చూసి ఉంటే మీరైనా అదే చెప్పేవాళ్ళు. అయినా నాకు సిగ్గేసింది. అబద్ధాలకోరును కాదని నిరూపించుకోవడానికి కదా ఇన్నాళ్ళూ కొట్టుకున్నాను!

"ఆ బుక్కు ఒకసారి తెచ్చి సూపించు తల్లీ. సదవను రాదు గానీ నాకు అంకెలు తెలుసు" అన్నాడు తాత.

సోమవారం మెట్ల మీద జరిగిందంతా చెప్పాను. మిగతా ముగ్గురూ నోరు తెరుచుకుని విన్నారు. రేణిగుంట అబ్బాయి కూడా నమ్మాడు. నమ్మి, "అంటే ఆటలో లేనట్టే గదా. నువ్వు ఇన్నింది పెండ్లి మేళం. అది మన లెక్కలోకి రాదు" అన్నాడు. సున్నా మార్చనన్నాడు. ఎర్ర పెన్నుతో రాసింది కొట్టేస్తే పుస్తకానికి విలువుండదన్నాడు. అతను చెప్పింది తప్పని అనలేకపోయాను. ఆటలో నాదస్వరం లేదు. కానీ నేను ఆ ఆటలోనే విన్నాను. రెండూ నిజమే అయితే నేను చెప్పింది ఏమవుతుంది? ఈ రోజుకీ నాకు తేల్చుకోవడం చేతకాలేదు.

ఒక్కరోజు చూసుకుని ఇస్తానని పుస్తకం అడిగి తీసుకున్నాను. సాయంత్రం పుత్తూరు బస్సులో ఒళ్ళో తెరిచి పెట్టుకున్నాను. నా దగ్గరున్నది నీలం పెన్ను. ఎర్ర పెన్ను కొందామంటే బస్సు దారిలో దుకాణాలుండే వడమాలపేట కూడా దాటిపోయింది. ఇక ఆలోచిస్తే చేయలేనని తెలిసి, సున్నాకు ముందు ఒకటి గీశాను. బస్సు కుదుపుకు అది కాస్త వంకరగా పడింది.

తాత ఇంటి ముందు మంచం వేసుకుని కూర్చుని ఉన్నాడు. పుస్తకాన్ని రెండు చేతులతో అందుకుని, పేజీని వెలుతురు వైపు తిప్పుకున్నాడు. ఏడు, ఎనిమిది, ఆరున్నర, తొమ్మిది అని వేలు పెట్టి పై నుంచి చదువుకుంటూ వచ్చి నా గీత దగ్గర ఆగాడు.

"పక్కన ఏందో రాసినారే?"

"చాలా బాగుందని."

ఆయన ఆ మాట మీద వేలు పెట్టి కాసేపు ఉంచాడు. తర్వాత వేలు వెనక్కి జరిపి, నీలం గీత మీద పెట్టాడు.

"సున్నా ఒకరు పెట్టినారు. ఒకటి ఇంకొకరు పెట్టినారు. రంగు వేరేగా ఉండాది." తలెత్తి నా వైపు చూశాడు. "ఒకటి పెట్టింది నువ్వే గదా?"

నేను తల వంచుకున్నాను.

"ఇన్నింది గూడా నువ్వొక్కదానివే గదా పాపా" అన్నాడు తాత. "సాలు." పుస్తకం మూసి, కండువాతో అట్ట తుడిచి, నా చేతికిచ్చాడు.