లక్క పాలిష్ కోసం పామర్రు దాకా, ఒళ్లో హార్మోనియంతో

మా తమ్ముడికి శుభ్రం పిచ్చి. నాన్న పోయి ఏడాదవుతోందని ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటే, ఆయన హార్మోనియం మెరవాలని శానిటైజర్ పోసి మరీ తుడిచాడు. స్పిరిట్ తగిలితే లక్క పాలిష్ కరుగుతుందని వాడికేం తెలుసు? పెట్టెంతా తెల్లమచ్చలు, జిగురు! విజయవాడలో ఇద్దరిని అడిగాను. ఉప్పుకాగితంతో చెక్కదాకా గీకి కొత్త పూత వేస్తామన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. గాలి కొట్టే పలక అంచున నాన్న బొటనవేలు ఆనీ ఆనీ చిన్న గుంట పడింది. "అది పోతే నేనా పెట్టె ముట్టుకోను, వాయించను" అంది. గుంట పోకూడదు, మచ్చలు పోవాలి. అంతే, బయల్దేరాను.

గుణదల నుంచి ఆటోలో బస్టాండుకొచ్చి, ఏడింటికి మచిలీపట్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే సరిపోయింది. "ఆ పెట్టె పైన పెట్టండమ్మా" అన్నాడు కండక్టరు. "ఒళ్లోనే ఉంటుందండి" అన్నాను. ఉయ్యూరు దాటాక రెండువైపులా పచ్చటి వరిచేలు, కానీ చూసే మనసెక్కడిది? గంటకు పైగా పట్టింది పామర్రు చేరడానికి.

చేత్తో లక్క పాలిష్ వేసే సుందర్రావు గారు ఇక్కడున్నారని విజయవాడలో మా పక్కింటివాళ్లే చెప్పారు. ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే, ఆయన పెట్టె చూసి తల అడ్డంగా ఊపారు.

"నా భుజం లేవట్లేదండీ. తీసుకెళ్లిపోండి."

"మీరు చెప్పండి చాలు, నేను రుద్దుతాను."

"మీరా? మధ్యాహ్నానికి ఏడుస్తారు."

"ఏడుస్తూనే రుద్దుతానండి."

ఆయనకు నవ్వొచ్చింది. స్పిరిట్‌లో నానిన లక్కరేకుల సీసా తెచ్చారు. "చెట్టుకొమ్మ మీద లక్కపురుగు కట్టే జిగురండి ఇది. గాజులకిదే, సీళ్లకిదే. మీరు మింగే మాత్రల్లో కొన్నిటి మీద మెరుపూ ఇదే. పాడుచేసింది స్పిరిట్టేగా, బాగుచేసేదీ అదే. పాత లక్క కరిగి మళ్లీ సర్దుకుంటుంది. గీకక్కర్లేదు. మెత్తటి పాత నూలు గుడ్డ తెచ్చారా?"

నా దగ్గరున్నది హార్మోనియానికి చుట్టిన నాన్న పంచె ఒక్కటే. అయినా చించాను. దూది మీద ఆ గుడ్డ చుట్టి, లక్కలో అద్ది రుద్దడం మొదలుపెట్టాను. "ఆగొద్దండీ! ఆగితే గుడ్డ అతుక్కుపోతుంది!" అని వెనకనుంచి ఒకటే అరుపులు. జబ్బలు పడిపోయాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. మానలేదు. నాలుగింటికి మచ్చ ఒక్కటీ లేదు. గుంట ఉన్నచోటే ఉంది, తళతళలాడుతూ. కూలి ఇవ్వబోతే, "మీ చేత చాకిరీ చేయించుకుని కూలేంటండీ, సరుకు డబ్బులివ్వండి చాలు" అన్నారు.

పూత గట్టిపడేదాకా నాలుగు రోజులు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ప్రార్థనరోజు అమ్మ ఆ గుంటలో బొటనవేలు ఆనించి చూసుకుంది. తర్వాత వాయించింది. పాతదాన్ని బాగుచేయడమంటే కొత్తగా కనిపించేలా చేయడమని ఇన్నాళ్లూ అనుకున్నాను, కాదు. మీరూ ఇలాంటి పనిమీద వెళ్తే ముసురు లేని రోజు చూసుకోండి, తేమకు లక్క తెల్లబడుతుంది. నూలు గుడ్డ మాత్రం ఇంటినుంచే తీసుకెళ్లండి. ఎవరిదన్నది మీకే తెలుస్తుంది.