బూటు ముక్కుకు కట్టిన తాడు

ఐరీన్ హోటల్లో తీపికి ఆపిల్ పై ముక్క కావాలా, చెర్రీ పై ముక్క కావాలా అని వెండెల్ ష్రోడర్‌ని ఎవరూ అడగరు. అడిగితే కాఫీ చల్లారేదాకా ఆలోచిస్తాడు. అందుకే ఐరీన్ తనకు తోచింది పెట్టేసి పోతుంది, వాడు తినేస్తాడు. ఊళ్లోవాళ్లు నవ్వుకుంటారు గానీ నాకు ఒళ్లు మండుతుంది. వాడు ఒక్కసారి తనంతట తాను తేల్చుకోవడం ఈ కళ్లతో చూసినవాణ్ని నేను.

అప్పుడు మేమిద్దరం నెబ్రాస్కాలో మా హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఉన్నాం. మోకాలి మీద కూర్చుని బంతిని నేలమీద వేలితో నిలబెట్టడం నా పని. దాన్ని రెండు గోలు స్తంభాల మధ్యనుంచి పోయేలా తన్నడం వెండెల్ పని. సన్నగా రివటలా ఉండేవాడు, ఆ తన్ను పోతే వాడికి జట్టులో ఇంకో చోటు లేదు.

వాళ్ల నాన్న ఎల్మర్ కూడా తన రోజుల్లో ఇదే జట్టుకు తన్నినవాడే. కొడుక్కి తన పద్ధతే నేర్పాడు. బంతికి సూటిగా వెనక నిలబడాలి, పరుగెత్తుకొచ్చి చదరంగా ఉన్న బూటు ముక్కుతో పొడవాలి. పాదం కిందికి వాలకుండా బూటు ముక్కునుంచి చీలమండకు తాడు బిగించాలి. ఆ ముడి ఎల్మర్ తన చేత్తోనే వేసేవాడు.

ఆ ఏడు కొత్తగా వచ్చిన కోచ్ డిట్‌మన్‌కి ఆ తాడు చూస్తేనే చిరాకు. పక్కనుంచి వాలుగా వచ్చి, పాదం సాచి, పైభాగంతో తన్నాలంటాడు.

"మీ నాన్నది గుర్రబ్బండి కాలంరా. దేశమంతా ఇటు తిరుగుతోంది, కాస్త కళ్లు తెరువు!" అనేవాడు మైదానంలో.

"బంతి ఒకచోట, నువ్వొకచోటా? అదేం తన్నురా, డాన్సు చేస్తున్నావా?" అనేవాడు ఎల్మర్ ఇంటి వెనక పెరట్లో.

వెండెల్ ఇద్దరికీ తలూపాడు. పగలు పక్కనుంచి, సాయంత్రం సూటిగా తన్నాడు. కొద్దిరోజులకు రెండూ కలిసిపోయాయి. సూటిగా పరుగు మొదలుపెట్టి మధ్యలో పక్కకు తిరిగేవాడు. ఓ రోజు బంతి ఎగిరెళ్లి బ్యాండువాళ్ల పెద్ద డోలు మీద పడింది.

"ఒరేయ్ గ్లెన్, ఇప్పుడు నేను తన్నింది ఏ పద్ధతిరా?" అని నన్నే అడిగాడు. నిజంగానే అడిగాడు.

చివరికి కోచ్‌కి తిక్క రేగింది. "పక్క ఊరితో ఆటకి ముందే తేల్చుకో. లేదంటే నీ బదులు ఇంకొకణ్ని దింపుతా" అన్నాడు.

ఆట రోజుదాకా వెండెల్ తేల్చుకోలేదు. ఆ సాయంత్రం ఎల్మర్ మేం బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చాడు. కొడుకు ముందు కూర్చుని, ఎప్పుడూ తాను కట్టే తాడును తానే విప్పేశాడు.

"మీ సార్ చెప్పినట్టే తన్నురా నాన్నా. నాకేం బాధలేదు" అన్నాడు. బాధ ఉందని మొహం చూస్తేనే తెలుస్తోంది. అయినా వెండెల్‌కి గుండె బరువు దిగింది. పక్కనుంచే తంతానని కోచ్‌తో చెప్పేశాడు.

ఆట ఆఖరికొచ్చేసరికి మేం రెండు పాయింట్లు వెనకబడ్డాం. ఒక్క తన్ను సరిగ్గా పడితే మూడొస్తాయి, గెలుస్తాం. కోచ్ ఎందుకో జనం వైపు చూశాడు. విప్పిన తాడును వేళ్లకు చుట్టుకుని ఎల్మర్ ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. రాయిలాంటి మా కోచ్ గభాలున వంగి, తన మెడలోని ఈల తాడు తెంపి, వెండెల్ బూటుకు బిగించాడు.

"మీ నాన్న చూస్తున్నాడ్రా. ఆయన పద్ధతిలోనే కొట్టు, పో!"

వెండెల్ మొహం చూడాలి అప్పుడు! ఇన్నాళ్లూ చెరోవైపు లాగినవాళ్లు ఇప్పుడు ఒకరి పద్ధతి వైపు ఒకరు తోస్తున్నారు. నాకు ఇద్దరి మీదా కోపం ముంచుకొచ్చింది. నేను మోకాలి మీద కూర్చున్నాను. సూటి తన్నుకైతే బంతిని నిలువుగా, పక్క తన్నుకైతే వాల్చి పట్టాలి.

"బంతి నిలువుగా పట్టనా, నా వైపు వాల్చనా?"

"నాన్నేమో పక్కనుంచి అన్నాడు, సారేమో…"

"వాళ్లని పోనీరా! నీకేది ఇష్టం?"

వాడు తెల్లబోయాడు. ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు మరి. బూటు వైపు చూసుకున్నాడు, స్తంభాల వైపు చూశాడు, మెల్లగా నవ్వాడు.

"నిలువుగా పట్టు."

మా జట్టువాడు వెనక్కి విసిరిన బంతి నా చేతికొచ్చింది, నిలబెట్టాను. వెండెల్ సూటిగా పరుగెత్తుకొచ్చి పొడిచాడు. అంత చక్కటి తన్ను వాడి కాలినుంచి నేనెప్పుడూ చూడలేదు. బంతి కుడి స్తంభానికి ఠంగున తగిలి బయట పడింది.

ఓడిపోయాం. ఎల్మర్ గ్యాలరీ మెట్లు దిగి ఆయాసపడుతూ వచ్చాడు. "తప్పు నాదిరా, ఆ ముడి నేను విప్పకుండా ఉండాల్సింది."

"కాదండీ, మధ్యలో కట్టి వాణ్ని గందరగోళం చేసింది నేను" అన్నాడు కోచ్.

వెండెల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. వాడు గొంతెత్తి మాట్లాడటం అదే మొదటిసారి.

"ఆ తన్ను నాది. గురి తప్పిందీ నా వల్లే. అది కూడా మీరే పంచేసుకుంటే ఇంక నాకేం మిగిలింది?"