ల్యాప్‌టాప్‌కు దీవెన

మా ఎజిసు ఊళ్లో కొత్త కారు కొన్నా, కొట్టు తెరిచినా, పిల్లకు పేరు పెట్టినా ముందుగా పిలిచేది మా ఆసుబొంతెన్ మామయ్యనే. జిన్ను మందు గ్లాసు చేతబట్టి పూర్వీకులను పేరుపేరునా పిలుస్తాడు, ఒక్కొక్కరికి ఒక్కో చుక్క నేలమీద పోస్తాడు. తొమ్మిది తరాల పేర్లు ఆయన నాలుక మీదే ఉంటాయి. మిగిలిన మేమంతా తాత పేరు దాటితే దిక్కులు చూడడమే. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఆయనకు తెలియదు గానీ, ఏనాడో పోయిన ముత్తవ్వ మారుపేరు మాత్రం ఠక్కున చెబుతాడు.

మా చెల్లెలు అఫ్రాకొమా ఏడాది పాటు ఆయన దగ్గర కూర్చుని ఆ పేర్లు, వాళ్ల కథలు ల్యాప్‌టాప్‌లో రాసుకుంది. యూనివర్సిటీలో దాని పట్టా ఆ రాత మీదే ఆధారపడి ఉంది. మామయ్య పైకి మురిసిపోయేవాడు, లోపల మాత్రం గుబులు. "అన్నీ ఆ పెట్టెలోకి పోతే ఇక నన్నెవడు పిలుస్తాడే?" అని నా దగ్గర వాపోయాడు కూడా.

రాత పూర్తయ్యాక ఒక ఆదివారం అందరం వాకిట్లో చేరాం. దీవెన లేకుండా పెట్టెను గడప దాటించడానికి వీల్లేదని ఆయన పట్టు.

"మూసి పెట్టనా మామయ్యా?" అంది అఫ్రాకొమా.

"మూస్తే ఎలాగే? తమ పేర్లు పెద్దలు చూసుకోవద్దూ? తెరిచే ఉంచు."

కారైతే టైరు మీద పోస్తాడు. దీనికి టైరు లేదాయె. మొదటి పేరుకే జిన్ను మీటల మీద పడింది. అఫ్రాకొమా చెయ్యి చాచబోతే మా అమ్మ గట్టిగా పట్టుకుంది. ప్రార్థన మధ్యలో అడ్డుపడడమంటే పెద్దల నోటి దగ్గర గ్లాసు లాక్కోవడమే. ఒక్కో పేరుకూ మేమంతా "అలాగే కావాలి" అన్నాం. ఐదో తరానికి తెర రెపరెపలాడింది. అలాగే కావాలి. ఏడో తరానికి నల్లబడింది. అలాగే కావాలి.

ఇక సలహాలకు కరువా? పొరుగావిడ బియ్యంలో పెట్టమంది. "బియ్యమేం పీలుస్తుంది? గారీని మించింది లేదు," అంది అమ్మ. నిజమే, ఆ కర్రపెండలం రవ్వ చెంచాడు నీళ్లకు గిన్నెడు ఉబ్బుతుంది. పెట్టెను గారీ బస్తాలో పాతిపెట్టింది.

కుమాసి పట్నంలోని రిపేరు షాపులో బాఫోర్ అనే అతను దాన్ని విప్పి చూశాడు. "ఎవరమ్మా దీనికి భోజనం పెట్టింది?" మీటల కింద గారీ ఉబ్బి గడ్డకట్టింది. "మందు పడగానే ఆపేసుంటే బతికేదేమో. రాతలు దాచే ముక్క కూడా బోర్డుకే అతికి ఉంది, రెండూ పోయాయి. ఇంకెక్కడైనా కాపీ ఉందా?"

లేదు. అఫ్రాకొమా అక్కడే బెంచీ మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. నేను చూడలేకపోయాను.

ఇంటికొచ్చి సంగతి చెబితే మామయ్య గడ్డం నిమురుకున్నాడు. "పెట్టె పోతే పోయింది, నేను చచ్చానా? కాగితం తెచ్చుకో, మళ్లీ చెబుతా." ఆ గొంతులో విచారం కంటే హుషారే ఎక్కువ. నాకు ఒళ్లు మండింది.

మూడు తరాలు గలగలా చెప్పాడు. నాలుగో తరం దగ్గర ఆగాడు. దగ్గాడు. గ్లాసు చేతిలో లేకపోతే రావడం లేదన్నాడు. గ్లాసిచ్చాం. అయినా రాలేదు. పాపం, ఆయన మొహంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు.

"అంపొన్సా కూతురు, మామయ్యా," అంది అఫ్రాకొమా మెల్లగా. "కుంటికాలావిడ. దుఫీ."

"నీకెవరు చెప్పారే?"

"నువ్వే. రాసీ రాసీ నాకు నోటికొచ్చేసింది."

తర్వాతి పేరు కూడా అఫ్రాకొమానే చెప్పింది. ఆ తర్వాతిదీ. మామయ్య గ్లాసు కింద పెట్టాడు. చెల్లెలి ముందున్న కాగితం, కలం తన ముందుకు లాక్కున్నాడు.

"కాస్త మెల్లగా చెప్పవే," అన్నాడు. "నన్ను రాసుకోనీ."