నల్లకుందేలు తల వంచింది

పుంగనూరులో మా వీధి అత్తాకోడళ్ల తగవు పోలీసు స్టేషను దాకా పోదు. తిమ్మక్క చిల్లరంగడి అరుగు మీదే తేలిపోతుంది. మా అత్తతో నా తగవూ అక్కడే తేలింది. నేనే ఓడాను. ఆ మంట నాకింకా చల్లారలేదు.

తిమ్మక్క ఎవరి మాటా పూర్తిగా వినదు. ఎవరు ఎవరి ముందు తల వంచుతారో చూస్తుంది. వంచినవాళ్లు పాపం అణగిమణగి ఉండేవాళ్లు, వంచనివాళ్లది పొగరు. అంతే ఆమె లెక్క.

తొంభై ఎనిమిదిలో ఆమె కోడలు శోభారాణి మదనపల్లె సంతలో రెండు కుందేళ్లు కొనుక్కొచ్చింది, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. రెండూ ఒకదాన్నొకటి ఒత్తుకుని పడుకునేవి. కానీ నల్లది ఉన్నట్టుండి తెల్లదాన్ని పెరడంతా తరిమేది, వీపు మీదెక్కేది, చెనక్కాయ ఆకు వేస్తే ముందు తనే తినేది. తర్వాత తెల్లదాని ఎదుటికొచ్చి, గడ్డం నేలకానించి తల వంచేది. తెల్లది దాని నెత్తీ చెవులూ నాకుతూ కూర్చునేది.

తిమ్మక్క కొన్నాళ్లు చూసి తీర్పు చెప్పేసింది. తెల్లది గయ్యాళి అత్తట. నల్లది దానికి దండాలు పెట్టీ పెట్టీ, ఓపిక చచ్చి తిరగబడుతోందట. మరి ఆకు ముందు నల్లదే తింటోంది కదా అంటే, ఏడ్చి ఏడ్చి ఆకలేస్తుంది కదా అంది. ఏం చెప్పాలి ఈ మనిషికి! తెల్లదాన్ని తన చెల్లెలు పాపక్కతో వాళ్ల ఊరు పెద్దపంజాణికి పంపించేయాలని బుట్టలో పెట్టి మూత వేసింది.

తెల్లదంటే శోభారాణికి ప్రాణం. అయినా అత్తకు ఎదురు చెప్పి ఎరగదు. నల్లది ఆకు ముట్టకుండా బుట్ట చుట్టూ తిరుగుతుంటే, పీడ పోతోందని దానికి సంబరమంది తిమ్మక్క.

ఆ రోజు శనివారం, నేనూ అక్కడే ఉన్నాను. ఎప్పటిలాగే తిమ్మక్క పెరట్లో పీట వేసుకుని, నూనె అంటమని కోడలి ముందు తల వంచింది. బస్సు టైమయిందని పాపక్క బుట్ట అందుకుంది. శోభారాణి చెయ్యి ఆగిపోయింది.

"అత్తా, వారం వారం నా ముందర నువ్వు తల వొంచుతాండావు. అంటే ఈ ఇంట్లో నేనా పెద్ద?"

తిమ్మక్క వంచిన తల ఎత్తలేదు. నూనె చెవి పక్కగా కారుతోంది. ఊరికి తీర్పులు చెప్పే ఆ తల కోడలి ముందు వంగి ఉండటం నా కళ్లారా చూశాను. ఎంత హాయిగా ఉండిందో!

తిమ్మక్క లేచింది. చెల్లెలి చేతిలోని బుట్ట తీసుకుని తనే మూత తెరిచింది. నల్లది పరుగున వచ్చి తెల్లదాని ఎదుట తల వంచింది. తెల్లది నాకడం మొదలుపెట్టింది.

"దీని పొగరు సూడు, తలకాయ పెట్టి సేవ చేపిచ్చుకుంటాండాది," అని గొణిగింది తిమ్మక్క.

మళ్లీ పీట దగ్గరికి వచ్చింది కానీ కూర్చోలేదు. కోడలి చేతిలోంచి నూనెగిన్నె లాక్కుంది.

"నువ్వు కూసో మే. తల వొంచు."

శోభారాణి బెదురుతూనే వంచింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక, ఆమె నెత్తిన ఇంకొకరి చేత్తో నూనె పడటం అదే మొదలు.